అత్తగారి పేరు మీద ఓటరు కార్డు వచ్చింది, ఏం చేయాలి?

ప్రశ్న: మేము టెక్సాస్‌లో ఉంటాము. పోయిన నెలలో నేను పౌరసత్వ ప్రమాణం చేశాను. మావారికి గ్రీన్ కార్డు ఉంది, త్వరలో పౌరసత్వ దరఖాస్తు (ఎన్-400) వేస్తారు. మా ఆడపడుచు స్పాన్సర్ చేయగా అత్తగారికి కూడా గ్రీన్ కార్డు వచ్చింది. ఆవిడకు 67 ఏళ్లు, మా దగ్గరే ఉంటారు. మొన్న ఆవిడ పేరు మీద కౌంటీ నుంచి ఓటరు కార్డు వచ్చింది. అడిగితే, కమ్యూనిటీ సెంటర్‌లో భజనకు వెళ్లినప్పుడు బయట బల్ల వేసుకుని కూర్చున్న ఒక అమ్మాయి ఐడీ కార్డు చూసి ఏదో కాగితం నింపిందని, అందరూ పెడుతున్నారని తానూ సంతకం పెట్టానని చెప్పారు. ఆవిడకు ఇంగ్లిషు చదవడం రాదు. కార్డు చింపి పారేస్తే సరిపోతుందని మావారు అంటున్నారు. ఇక నా సంగతి. నా పౌరసత్వ సర్టిఫికెట్‌లో పుట్టింటి ఇంటిపేరు మధ్యలో, అత్తింటి ఇంటిపేరు చివర ఉన్నాయి. లైసెన్సులో పుట్టింటి ఇంటిపేరే చివర ఉంది. ఓటు వేయనిస్తారా? న్యూజెర్సీలో మా అన్నయ్య ఏ ఐడీ చూపించకుండానే ఓటు వేసి వస్తాడు. ఇక్కడ ఫోటో ఐడీ లేనిదే కుదరదంటారు. ఇంత తనిఖీ ఉన్నచోట అత్తగారి పేరు జాబితాలోకి ఎలా ఎక్కింది? ఇదంతా చూశాక, అసలు నేను నమోదు చేసుకోకుండా ఉండిపోతే నష్టమా అనిపిస్తోంది.
ఒక పాఠకురాలు, టెక్సాస్

సమాధానం:

అమ్మా, ముందుగా ఆ కార్డును చింపకండి. పోస్టు ముద్ర ఉన్న కవరుతో సహా ఒక ఫైలులో భద్రంగా పెట్టండి. కార్డు చింపినంత మాత్రాన కౌంటీ కంప్యూటర్‌లో ఉన్న పేరు చెరిగిపోదు. రేపు ఎవరైనా అడిగినప్పుడు మీ దగ్గర ఏ కాగితమూ ఉండదు, వాళ్ల దగ్గర మాత్రం అత్తగారి సంతకం ఉంటుంది. మీ ఉత్తరంలో నన్ను కలవరపెట్టింది మీ పేరులోని తేడా కాదు, ఐడీ సంగతీ కాదు, ఈ కార్డే. అందుకే ఎక్కువ చోటు దీనికే ఇస్తున్నాను.

ఊరట కలిగించే విషయం ఒకటుంది. ఆవిడ ఇంకా ఓటు వేయలేదు. నమోదు కావడం వేరు, ఓటు వేయడం వేరు. ఆ రెండోది ఎట్టి పరిస్థితుల్లోనూ జరగకూడదు. ఇది అనుకున్నంత తేలిక కాదు. టెక్సాస్‌లో 65 ఏళ్లు నిండినవాళ్లు పోస్టు ద్వారా ఓటు వేయవచ్చు. అందువల్ల ఎన్నికలు దగ్గరపడేసరికి ఆ వయసువాళ్లకు పార్టీల నుంచి, అభ్యర్థుల నుంచి పోస్టల్ బ్యాలెట్ దరఖాస్తులు వస్తుంటాయి. చాలావాటిలో పేరు, చిరునామా ముందే అచ్చయి ఉంటాయి, సంతకం పెట్టడమే తరువాయి. జాబితాలో పేరు ఉన్నంతకాలం ఇలాంటివి రావచ్చు. అత్తగారి పేరుతో వచ్చిన ఏ కవరు మీదా, మీరో మీవారో చదివి చెప్పకుండా ఆవిడ సంతకం చేయకూడదని ఇంట్లో అందరూ ఒక మాట అనుకోండి.

ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, ఈ విషయంలో అమెరికా చట్టం చాలా కఠినం. 1996లో వచ్చిన ఇమిగ్రేషన్ చట్టం ప్రకారం పౌరులు కానివారు చట్టవిరుద్ధంగా ఓటు వేస్తే దేశం నుంచి పంపించివేయవచ్చు. ఓటు వేయకపోయినా, ఏదైనా ప్రయోజనం కోసం అమెరికా పౌరుడినని చెప్పుకోవడం దానికదే ఒక కారణం అవుతుంది. ఓటరుగా నమోదయ్యేందుకు తెలిసి అలా చెబితే అది ఫెడరల్ నేరం కూడా. 2017లో టెక్సాస్‌లోని టారంట్ కౌంటీలో, పసితనంలోనే ఈ దేశానికి వచ్చి గ్రీన్ కార్డు మీద ఉన్న ఒక మహిళకు చట్టవిరుద్ధంగా ఓటు వేసినందుకు 8 ఏళ్ల జైలు శిక్ష పడింది. శాశ్వత నివాసికీ పౌరురాలికీ ఉన్న తేడా తనకు తెలియదని ఆమె వాదించింది. ఆ వాదన నిలబడలేదు. మీ అత్తగారి విషయం అంతవరకూ పోలేదు. పోకుండా ఆపే అవకాశం ఇంకా మీ చేతిలో ఉంది కాబట్టే ఇదంతా చెబుతున్నాను.

ఈ వారంలోనే ఒక ఇమిగ్రేషన్ లాయరును కలవండి. దరఖాస్తులు నింపిపెట్టే కన్సల్టెంట్లు ఈ పనికి చాలరు. లైసెన్సు ఉన్న లాయరే కావాలి. ఆయన మొదట తెప్పించవలసింది అత్తగారు సంతకం పెట్టిన అసలు దరఖాస్తు ప్రతి. టెక్సాస్ దరఖాస్తులో 'మీరు అమెరికా పౌరులేనా?' అన్న ప్రశ్న, దాని పక్కన అవును, కాదు అన్న రెండు గడులు ఉంటాయి. అక్కడ టిక్కు ఉందా, ఉంటే ఏ గడిలో ఉంది, ఎవరు పెట్టారు అన్నదాని మీదే చాలావరకు ఆధారపడి ఉంటుంది. 'కాదు' అని ఉన్నా కౌంటీలో చూసుకోకుండా నమోదు చేసి ఉంటే తప్పు వాళ్లది. 'అవును' అని ఉంటే, నింపింది వేరొకరని, ఆ ప్రశ్నను ఆవిడకు తెలిసిన భాషలో ఎవరూ చదివి వినిపించలేదని లాయరు చూపించవలసి వస్తుంది. సంతకం పెట్టే చోట కూడా 'నేను ఈ కౌంటీ నివాసిని, అమెరికా పౌరుడిని' అన్న ప్రకటన ఉంటుంది, అది అబద్ధమైతే నేరమన్న హెచ్చరిక ఉంటుంది. కాబట్టి గడి ఖాళీగా వదిలేశారు కదా అని నిశ్చింతగా ఉండడానికీ లేదు. భజన దగ్గర ఆ రోజు ఏం జరిగిందో అత్తగారికి గుర్తున్నది గుర్తున్నట్టుగా ఇప్పుడే తెలుగులో రాయించి, తేదీ వేసి పెట్టండి. ఆర్నెల్లు పోతే వివరాలు చెదిరిపోతాయి. ఆవిడతోపాటు ఉన్న స్నేహితురాళ్లు ఎవరో కూడా రాసుకోండి.

తరువాతి పని పేరు తొలగించమని కౌంటీ ఓటరు రిజిస్ట్రారుకు రాయడం. ఓటరు స్వయంగా సంతకం చేసి అడిగితే నమోదు రద్దు చేస్తారు. అయితే అందులో ఏ మాట ఉండాలో, ఏది ఉండకూడదో లాయరు చెప్పాకే రాయండి. ఆ ఉత్తరం కూడా రికార్డులో ఉండిపోతుంది. సర్టిఫైడ్ మెయిల్‌లో పంపి రసీదు దాచండి, రద్దు చేశామని వాళ్లు ఇచ్చిన కాగితం కూడా అదే ఫైలులో చేర్చండి.

ఈలోగా ఆవిడకు జ్యూరీ డ్యూటీకి పిలుపు రావచ్చు. టెక్సాస్‌లో జ్యూరీకి పేర్లు ఓటర్ల జాబితా నుంచి, లైసెన్సులు, ఐడీ కార్డులు ఉన్నవాళ్ల జాబితా నుంచి తీస్తారు. ఆ పిలుపును దాచిపెట్టకండి. పౌరురాలిని కాదన్న నిజమే అందులో రాయాలి. ఆ జవాబు కోర్టు నుంచి ఓటరు రిజిస్ట్రారు దాకా వెళ్తుంది కాబట్టి పంపేముందు లాయరుకు ఒక మాట చెప్పండి. అలాగే ఇండియా ప్రయాణం అనుకుంటుంటే, టికెట్టు కొనక ముందే ఆయనను అడగండి. తిరిగి వచ్చేటప్పుడు ఇమిగ్రేషన్ కౌంటర్‌లో ఈ విషయం మొదటిసారి బయటపడటం కంటే ఇక్కడే సర్దుకుని వెళ్లడం మేలు.

చింపేస్తే పోతుందన్న మీవారి మాట ఎక్కడ పొరపాటో ఎన్-400 చూస్తే తెలుస్తుంది. ఎప్పుడైనా అమెరికా పౌరుడినని చెప్పుకున్నారా, ఎప్పుడైనా ఓటరుగా నమోదయ్యారా, ఓటు వేశారా అని అందులో సూటిగా అడుగుతారు. ఆయన రేపో మాపో నింపబోయే ఫారం అదే, ఒకనాటికి వాళ్లమ్మగారు నింపవలసిందీ అదే. 'తెలియక నమోదైంది, తెలిసిన వెంటనే రద్దు చేయించుకున్నాను, ఇవిగో కాగితాలు' అని ఇంటర్వ్యూలో చెప్పేవారిని అధికారి ఒక రకంగా చూస్తారు. లేదని రాసి, రికార్డులో దొరికిపోయినవారిని ఇంకో రకంగా చూస్తారు.

ఆవిడను మాత్రం మందలించకండి. ఓటరు నమోదు బల్లల దగ్గర పెద్దవాళ్లను నేను చాలాసార్లు చూశాను. చేతిలో అట్టకు బిగించిన ఫారం, పక్కన నవ్వుతూ పలకరించే చదువుకున్న పిల్ల, వెనుక వరుసలో తెలిసినవాళ్లు. మన ఊళ్లలో ఓటరు కార్డు అంటే ఓటుకే కాదు, బ్యాంకు ఖాతాకీ సిమ్ కార్డుకీ కూడా చూపించే గుర్తింపు. అది ఉండటం మంచిదే అని ఏళ్ల తరబడి నమ్మిన మనిషికి, ఈ దేశంలో అదే కార్డు ప్రమాదం తెస్తుందని ఎవరు చెప్పారు? మన సంఘాలవాళ్లు ఇలాంటి బల్లలు వేయించేటప్పుడు, గ్రీన్ కార్డు ఉన్నవాళ్లు, వీసా మీద వచ్చినవాళ్లు సంతకం పెట్టకూడదని తెలుగులో పెద్ద అక్షరాలతో ఒక బోర్డు పెట్టాలి, మైకులో ఒకసారి చెప్పాలి. పెద్దవాళ్లు ఎక్కువగా వచ్చే భజనలకూ పండుగలకూ ఇది తప్పనిసరి అని నా అభిప్రాయం.

ఇంకో మాట. ఓటు వేయాలన్న కోరిక ఆవిడకు నిజంగా ఉంటే, దానికి దారి ఉంది. ఆవిడ ఇప్పటికీ భారత పౌరురాలే. 2010లో భారత ప్రజాప్రాతినిధ్య చట్టానికి చేసిన సవరణ వల్ల విదేశాల్లో ఉంటున్న భారత పౌరులు పాస్‌పోర్టులో ఉన్న చిరునామా మీద ఫారం 6ఏతో ఓటరుగా నమోదు కావచ్చు. పోలింగ్ రోజు అక్కడ ఉండి, అసలు పాస్‌పోర్టు చూపించి ఓటు వేయాలి. మీకు మాత్రం ఆ దారి మూసుకుపోయింది. అమెరికా పౌరసత్వం తీసుకున్న రోజునే భారత పౌరసత్వం పోయింది కాబట్టి, ఊళ్లో మీ పేరు ఇంకా ఓటర్ల జాబితాలో ఉంటే తీయించేయండి. విదేశీ పౌరసత్వం ఉన్న భారత సంతతివారికి ఇచ్చే ఓసీఐ కార్డుతో అక్కడ ఓటు రాదు.

ఇంత తనిఖీ ఉన్నచోట పేరు ఎలా ఎక్కిందని అడిగారు. చాలామంది తడబడేది ఇక్కడే. పోలింగ్ కేంద్రంలో చూపించే ఫోటో ఐడీ మీరు మీరేనని చెబుతుంది. మీరు పౌరులా కాదా అన్నది దాని పని కాదు. టెక్సాస్ ఐడీ కార్డు, డ్రైవింగ్ లైసెన్సు గ్రీన్ కార్డు ఉన్నవాళ్లకూ ఇస్తారు. మూలన నక్షత్రం గుర్తు ఉన్న రియల్ ఐడీ కూడా అంతే, అది పౌరసత్వానికి రుజువు కాదు. 2002 నాటి హావా అనే ఫెడరల్ ఎన్నికల చట్టం ప్రకారం ఓటరు దరఖాస్తులో లైసెన్సు నంబరు గాని, సోషల్ సెక్యూరిటీ నంబరులోని చివరి నాలుగు అంకెలు గాని ఇవ్వాలి. రాష్ట్రం వాటిని లైసెన్సుల డేటాబేసుతోనో సోషల్ సెక్యూరిటీ రికార్డుతోనో పోల్చి చూస్తుంది. మీ అత్తగారి నంబరు అసలుది, పేరు అసలుది, పుట్టిన తేదీ అసలుది. పోలిక కుదిరింది, కార్డు వచ్చింది. పౌరసత్వం సంగతి తేల్చేది ఫారం మీద పెట్టిన టిక్కు, కింద చేసిన సంతకం. ఈ వ్యవస్థ భద్రత బరువంతా సంతకం చేసే మనిషి మీద పెట్టారు. ఆ మనిషికి చదవడం రాకపోతే ఆ బరువు ఎంతటిదో మీ ఇంట్లోనే చూస్తున్నారు.

మరి నమోదు సమయంలోనే పౌరసత్వ పత్రం అడిగితే పోదా అని మీకు తోచవచ్చు. అడిగి చూసిన రాష్ట్రాలు ఉన్నాయి. అరిజోనా 2004లో ప్రజాభిప్రాయంతో ఆ నిబంధన పెట్టుకుంది. అన్ని రాష్ట్రాలకూ ఉమ్మడిగా ఉన్న ఫెడరల్ ఓటరు ఫారం నింపి ఇచ్చినవారిని అదనపు పత్రాలు అడగరాదని 2013లో సుప్రీంకోర్టు చెప్పింది. అప్పటి నుంచి అక్కడ పత్రం ఇవ్వనివాళ్లు ఫెడరల్ ఎన్నికలకు మాత్రమే ఓటు వేసే వింత ఏర్పాటు నడుస్తోంది. కాన్సాస్‌లో అలాంటి చట్టం వల్ల 31,000 మందికి పైగా దరఖాస్తులు ఆగిపోయాయి, వాళ్లలో అత్యధికులు అర్హులైన పౌరులే. 2018లో ఫెడరల్ కోర్టు దాన్ని కొట్టివేసింది. అలాగని పౌరులు కానివాళ్లు జాబితాలోకి ఎక్కరనడమూ సరికాదు. 2024లో ఒరెగాన్‌లో డ్రైవింగ్ లైసెన్సుల ఆఫీసు సిబ్బంది విదేశీ పాస్‌పోర్టును కంప్యూటర్‌లో అమెరికా పాస్‌పోర్టుగా నమోదు చేయడం వంటి పొరపాట్ల వల్ల, పౌరసత్వ రుజువు ఇవ్వని 1,200 మందికి పైగా ఆటోమేటిక్‌గా ఓటర్లయిపోయారు. వాళ్లు అడగలేదు, చాలామందికి తెలియను కూడా తెలియదు. నా దృష్టిలో ఈ రెండు నష్టాలూ నిజమైనవే. అర్హత లేని పేరు ఎక్కడం వల్ల ఎన్నిక మీద నమ్మకం తగ్గుతుంది, ఆ పేరు గల మనిషి బతుకు చిక్కుల్లో పడుతుంది. అర్హత ఉన్న పేరు పోతే ఒకరి హక్కు పోతుంది. ఒకదాన్ని ఆపే ఉత్సాహంలో రెండోదాన్ని లెక్కచేయని నిబంధన ఏదైనా నాకు నచ్చదు.

మీవారికి ఒక జాగ్రత్త. 1993 నాటి చట్టం వల్ల లైసెన్సు ఆఫీసుల్లోనే ఓటరు నమోదు కూడా జరుగుతుంది. టెక్సాస్‌లో లైసెన్సులు ఇచ్చే శాఖ డీపీఎస్. దాని దరఖాస్తులో అమెరికా పౌరులేనా, అయితే ఓటరుగా నమోదు కావాలనుకుంటున్నారా అని వరుసగా అడుగుతారు. లైసెన్సు రెన్యువల్ తొందరలో, కౌంటర్‌లో ఉన్న మనిషి గబగబా అడుగుతుంటే అన్నిటికీ తలూపేయకూడదు. రెండింటికీ 'కాదు' అని చెప్పాలి, సంతకం పెట్టేముందు తెర మీద ఏముందో చదవాలి.

ఇక మీ సంగతి. మీ పేరు విషయంలో ఓటు దగ్గర ఇబ్బంది పెద్దగా ఉండదు. టెక్సాస్ నియమం ప్రకారం ఐడీలోని పేరు, జాబితాలోని పేరు అక్షరం అక్షరం ఒకటే కానవసరం లేదు, దాదాపు ఒకేలా ఉంటే చాలు. స్పెల్లింగులో చిన్న తేడా, పూర్తి పేరు బదులు ఇనిషియల్, మునుపటి పేరు ఒకదానిలో ఉండి రెండోదానిలో లేకపోవడం, మధ్యపేరు చివరికి రావడం వంటివన్నీ ఇందులోకి వస్తాయి. ఇంటిపేరు ముందు రాసుకునే మనవాళ్ల పేర్లు అమెరికా గడుల్లోకి వచ్చేసరికి ఇలాగే అటూ ఇటూ అవుతాయి. ఆ రెండు పేర్లూ మీవేనని ధ్రువీకరిస్తూ అక్కడే ఒక గడిలో పొడి అక్షరాలు రాస్తే మామూలుగానే ఓటు వేయనిస్తారు.

అయినా పేరు సరిచేయించుకోండి, అదీ నమోదుకు ముందే. ఎందుకంటే పేచీ పోలింగ్ బల్ల దగ్గర కాదు, కంప్యూటర్లు రికార్డులు పోల్చుకునే చోట వస్తుంది. 2018లో జార్జియాలో సుమారు 53,000 ఓటరు దరఖాస్తులు నిలిచిపోయాయి. ఎక్కువగా దరఖాస్తులోని పేరు, ప్రభుత్వ రికార్డులోని పేరు అచ్చంగా కలవకపోవడమే కారణం. మొదట సోషల్ సెక్యూరిటీ ఆఫీసుకు వెళ్లి పౌరసత్వ సర్టిఫికెట్ చూపించి రెండు మార్పులు చేయించండి, పేరు ఒకటి, పౌరసత్వం ఒకటి. తరువాత అదే సర్టిఫికెట్‌తో డీపీఎస్‌లో లైసెన్సు మార్పించండి. పేరు మారితే 30 రోజుల్లో డీపీఎస్‌కు చెప్పాలన్న నియమం ఎలాగూ ఉంది. పాస్‌పోర్టుకూ దరఖాస్తు చేయండి. సర్టిఫికెట్ అసలు ప్రతిని దానితోపాటు పంపవలసి ఉంటుంది, కాబట్టి ముందుగా సోషల్ సెక్యూరిటీ, డీపీఎస్ పనులు ముగించుకుని, రెండు వైపులా స్కాన్ చేసి పెట్టుకున్నాక పాస్‌పోర్టుకు పంపడం నయం.

పౌరసత్వం సంగతి కూడా మార్పించమని ఎందుకు నొక్కి చెబుతున్నానో 2019 నాటి ఉదంతం చెబుతుంది. ఆ జనవరిలో టెక్సాస్ ఎన్నికల అధికారులు దాదాపు 95,000 మంది ఓటర్లు పౌరులు కాకపోవచ్చని ప్రకటించారు. రాష్ట్రమంతా అట్టుడికిపోయింది. ఆ లెక్క తీసిన పద్ధతి చూస్తే, గ్రీన్ కార్డు మీదో వీసా మీదో ఉన్నప్పుడు లైసెన్సు తీసుకున్నవాళ్ల పాత రికార్డును ఓటర్ల జాబితాతో పోల్చారు. లైసెన్సు తీసుకున్నాక పౌరసత్వం పొంది, న్యాయంగా నమోదైన వేలాది మంది అందులో చిక్కుకున్నారు. మీలాంటివాళ్లే. దావాలు పడ్డాయి, ఏప్రిల్‌లో రాష్ట్రం ఆ ఉత్తర్వును వెనక్కి తీసుకుంది, మే నెలలో రాష్ట్ర ఎన్నికలు చూసే సెక్రటరీ ఆఫ్ స్టేట్ పదవి వదిలి వెళ్లారు. 2025లో ఫెడరల్ ప్రభుత్వం, ఎవరు పౌరులో ఎవరు కాదో సరిచూసే తన సేవ్ డేటాబేసును విస్తరించి, రాష్ట్రాలు సోషల్ సెక్యూరిటీ నంబర్లతో ఓటర్ల జాబితాలను మూకుమ్మడిగా సరిచూసుకునే వీలు కల్పించింది. టెక్సాస్ దాన్ని వాడుతోంది. ఆ రికార్డుల్లో మీరు ఇంకా గ్రీన్ కార్డు మనిషిగానే ఉంటే మీ పేరు మళ్లీ ప్రశ్నార్థకం కావచ్చు.

అలాంటి నోటీసు వస్తే కంగారుపడకండి, పక్కనా పడేయకండి. పౌరసత్వ రుజువు పంపడానికి 30 రోజులు గడువిస్తారు. సర్టిఫికెట్ లేదా పాస్‌పోర్టు నకలు పంపితే సరిపోతుంది. జవాబివ్వకపోతే పేరు తీసేస్తారు. నోటీసు చేరాలంటే చిరునామా సరిగా ఉండాలి. టెక్సాస్‌లో రెండేళ్లకోసారి వచ్చే కొత్త ఓటరు కార్డును పోస్టువాళ్లు మారిన చిరునామాకు పంపరు, వెనక్కి పంపేస్తారు. అలా తిరిగి వెళ్తే మిమ్మల్ని సస్పెన్స్ జాబితాలో, అంటే చిరునామా తేలవలసినవాళ్ల జాబితాలో పెడతారు. అపార్ట్‌మెంటు మారినప్పుడల్లా కరెంటు కనెక్షన్ మార్చినట్టే ఓటరు చిరునామా కూడా మార్చండి.

ఐడీ సంగతి త్వరగా ముగిస్తాను. టెక్సాస్‌లో ఏడు రకాలు చెల్లుతాయి. లైసెన్సు, డీపీఎస్ ఐడీ కార్డు, డీపీఎస్ ఉచితంగా ఇచ్చే ఎన్నికల గుర్తింపు పత్రం, తుపాకీ లైసెన్సు, ఫోటో ఉన్న సైనిక ఐడీ, ఫోటో ఉన్న పౌరసత్వ సర్టిఫికెట్, అమెరికా పాస్‌పోర్టు. 18 నుంచి 69 ఏళ్లవారికి గడువు తీరి నాలుగేళ్లు దాటకపోతే చాలు, 70 నిండినవాళ్లకు ఎప్పుడో గడువు తీరినా పర్వాలేదు. కంపెనీ ఐడీ, ఇండియా పాస్‌పోర్టు, వేరే రాష్ట్రపు లైసెన్సు చెల్లవు. వీటిలో ఏదీ లేక, తెచ్చుకోవడానికి తగిన ఇబ్బంది ఉంటే కరెంటు బిల్లు, బ్యాంకు స్టేట్‌మెంటు వంటిది చూపించి, కారణం రాసిన ప్రకటన మీద సంతకం చేసి ఓటు వేయవచ్చు. ఉన్న ఐడీని ఇంట్లో మరిచిపోయి వస్తే ప్రొవిజనల్ (తాత్కాలిక) బ్యాలెట్ ఇస్తారు, ఆరు రోజుల్లోగా కౌంటీ ఆఫీసుకు వెళ్లి ఐడీ చూపిస్తే అది లెక్కలోకి వస్తుంది.

మీ అన్నయ్య తప్పేమీ చేయడం లేదు. న్యూజెర్సీలో నమోదు సమయంలో ఇచ్చిన నంబరు సరిపోయినవాళ్లను పోలింగ్ రోజు ఐడీ అడగరు, సంతకాన్ని పాత సంతకంతో పోల్చి చూస్తారు. పోల్చుకునేందుకు నంబరు కుదరని కొత్త ఓటరునే ఐడీ అడుగుతారు. ఎన్నికలు నడిపేది రాష్ట్రాలు కాబట్టి ఇలా ఒక్కోచోట ఒక్కో తీరు ఉంటుంది. ఇండియానా ఫోటో ఐడీ చట్టాన్ని 2008లో సుప్రీంకోర్టు సమర్థించాక చాలా రాష్ట్రాలు ఆ దారి పట్టాయి, న్యూజెర్సీ, కాలిఫోర్నియా పట్టలేదు. అన్నయ్య రేపు టెక్సాస్‌కు మారితే అక్కడి అలవాటుతో ఉత్త చేతులతో వెళ్లకూడదు, అంతే.

నమోదు చేసుకోకుండా ఉండిపోతే నష్టమా అన్నారు. నష్టమే. చట్టం మిమ్మల్ని శిక్షించదు, నమోదు మీ ఇష్టం. కానీ మీ పిల్లల స్కూల్ బోర్డు సభ్యులను, మీ ఇంటి పన్ను రేటు నిర్ణయించేవాళ్లను, మనం ఇంతసేపు మాట్లాడుకున్న ఈ ఓటరు చట్టాలను రాసే శాసనసభ్యులను ఎన్నుకునేది ఈ జాబితాలో ఉన్నవాళ్లే. స్థానిక ఎన్నికల్లో కొద్దిమందే ఓటు వేస్తారు, అక్కడ కొన్ని వందల ఓట్లు కూడా ఫలితాన్ని మార్చగలవు. అత్తగారికి ఈ ఇబ్బంది వచ్చింది హక్కు లేని చోట సంతకం పెట్టడం వల్ల. మీకు ఆ హక్కు ఉంది, ప్రమాణం చేసి సంపాదించుకున్నారు. ఆవిడ భయాన్ని మీ నెత్తికి ఎత్తుకోవద్దు.

నమోదు ఇలా చేయండి. టెక్సాస్‌లో మామూలుగా ఆన్‌లైన్ నమోదు లేదు. లైసెన్సు ఆన్‌లైన్‌లో రెన్యువల్ చేసేటప్పుడు తప్ప, ఇంటర్నెట్‌లో నింపినంత మాత్రాన ఓటరు కాలేరు. అచ్చువేసి, పెన్నుతో సంతకం చేసి, కౌంటీకి పంపాలి. 'మీ నమోదు పూర్తయింది, సోషల్ సెక్యూరిటీ నంబరు మొత్తం ఇవ్వండి' అని ఫోనుకు వచ్చే మెసేజీని నమ్మకండి. దరఖాస్తులో అడిగేది లైసెన్సు నంబరు, అది లేకపోతే చివరి నాలుగు అంకెలు మాత్రమే. బల్ల దగ్గర వాలంటీర్ డిప్యూటీ రిజిస్ట్రారు (దరఖాస్తులు తీసుకోవడానికి కౌంటీ నియమించిన వాలంటీరు) చేతికి ఇస్తే రసీదు అడిగి తీసుకోండి, ఇవ్వడం వాళ్ల విధి. అయిదు రోజుల్లో దాన్ని కౌంటీకి చేర్చడం కూడా వాళ్ల విధే. ఎన్నికలకు 30 రోజుల ముందే నమోదు గడువు ముగుస్తుంది కాబట్టి చివరి వారం దాకా ఆగకండి. నెల రోజుల్లో కార్డు రాకపోతే రాష్ట్ర ఎన్నికల వెబ్‌సైటులో లైసెన్సు నంబరు, పుట్టిన తేదీ కొట్టి పేరు చూసుకోండి. అక్కడా కనబడకపోతే రసీదు పట్టుకుని కౌంటీ ఎన్నికల ఆఫీసుకు ఫోను చేయండి.